వారంలో మూడు రోజులు ఇంటి నుంచి పని: చిన్న కంపెనీ కంప్యూటర్లు, లాగిన్లు ఎలా సిద్ధం చేసుకోవాలి

నల్గొండ, మిర్యాలగూడ, జడ్చర్ల వైపు చిన్న కంపెనీలకు కంప్యూటర్లు చూసిపెట్టే పని నాది. ఈ మధ్య వచ్చే ఫోన్లలో సగం ఒకే సంగతి మీద. "అన్నా, మా అకౌంట్స్ అమ్మాయి హాలియా నుంచి రోజూ బస్సుకొస్తుంది. వారంల మూడు రోజులు ఇంటికాడి నుంచే చేస్తనంటుంది. ఏం పెట్టాలె?" అని అడుగుతారు. జవాబు కూడా వాళ్లే చెప్పేస్తారు: "ఒక ఎనీడెస్క్ ఎక్కించు, నడుస్తది." ఒక కంప్యూటర్‌ను ఇంకోచోటి నుంచి నడిపే యాప్ అది.

నడుస్తది. ఇలా తొందరపడి పెట్టింది దెబ్బతిన్న రోజు ఎలా ఉంటుందో కూడా చూశాను, ఆ సంగతి ఐదో దాంట్లో చెబుతాను. ఒక్కొక్కరికీ ఫోన్‌లో గంటసేపు చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను.

నల్గొండలో, మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో 2023లో ఐటీ టవర్లు వచ్చాయి. వాటిల్లో ఉండే కంపెనీలకు సొంత ఐటీ టీమ్‌లు ఉంటాయి, ఇది వాళ్ల కోసం కాదు. ఐదుగురి నుంచి నలభై మంది దాకా ఉన్న మిల్లులు, డీలర్లు, ఆడిటర్ ఆఫీసులు, స్కూలు మేనేజ్‌మెంట్లు, చిన్న సాఫ్ట్‌వేర్ యూనిట్ల కోసం.

ముందు చేతిలో ఉండాల్సినవి

- ఒక నోట్‌బుక్, ఓనరు సమయం రెండు గంటలు. అన్నిటికన్నా దొరకనిది ఈ రెండోదే.
- కంపెనీ పేరు మీద మెయిల్. గూగుల్ వర్క్‌స్పేస్ అయినా, మైక్రోసాఫ్ట్ 365 అయినా సరే. ఓనరు కొడుకు పేరు మీదున్న జీమెయిల్ పనికిరాదు.
- ఇంటి నుంచి చేసే ప్రతి మనిషికీ ఒక లాప్‌టాప్.
- ఆఫీసులో రెండు వేర్వేరు కంపెనీల నెట్ కనెక్షన్లు. ఒకటి ఫైబర్, రెండోది 5జీ డాంగిల్ అయినా చాలు.
- ఆఫీసు కంప్యూటర్‌కు యూపీఎస్, రౌటర్లకు చిన్న యూపీఎస్‌లు.
- బ్యాకప్‌కు రెండు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులు. ఒకటి కాదు, రెండు.

పది మంది ఉన్న ఆఫీసుకు ఇదంతా రెండు శని, ఆదివారాల పని.

1. ఎవరు ఏం తెరుస్తున్నారో రాసుకోండి

లాప్‌టాప్ కొనకముందే నోట్‌బుక్‌లో ఐదు గళ్లు గీయండి: మనిషి, పని, సాఫ్ట్‌వేర్ లేదా వెబ్‌సైట్, అది ఏ కంప్యూటర్‌లో ఉంది, ఓటీపీ ఎవరి ఫోన్‌కు వస్తుంది. ఓనరు ఒక్కడే కూర్చుని రాస్తే సగం తప్పిపోతుంది. స్టాఫ్ పక్కన కుర్చీ వేసుకుని, పొద్దుటి నుంచి వాళ్లు తెరిచేవన్నీ చూస్తూ రాయండి.

కిటుకంతా ఐదో గడిలో ఉంది. ఒక మిల్లులో ఈ-వే బిల్లు (సరుకు లారీ కదలడానికి ఆన్‌లైన్‌లో తీసే బిల్లు), బ్యాంకు, జీఎస్‌టీ, కంపెనీ మెయిల్, నాలుగింటి ఓటీపీలూ ఓనరు ఫోన్‌కే వచ్చేవి. అందరూ ఆఫీసులో ఉన్నన్నాళ్లు అద్దాల తలుపు అవతలి నుంచి "సారూ, ఓటీపీ" అని కేకేస్తే సరిపోయింది. ఆయన తిరుమలలో ఫోన్ డిపాజిట్ చేసి దర్శనం క్యూలో నిలబడ్డ రోజు, బియ్యం లోడెక్కిన లారీ వేబ్రిడ్జి పక్కన సాయంత్రం దాకా నిలబడింది. మనుషులు ఇళ్ల నుంచి పనిచేయడం మొదలైతే ఇలాంటివి వారానికొకటి ఎదురవుతాయి.

2. మనిషికొక లాగిన్ ఇవ్వండి

"యూజర్: ఆఫీస్, పాస్‌వర్డ్: ఓనరు పేరు, 123." ఇది ఎన్ని చోట్ల చూశానో లెక్కలేదు. ఆఫీసు తలుపుకు తాళం ఉన్నంతకాలం ఇదీ ఎలాగో గడిచింది. ఇంటి నుంచి పని అంటే ఆ తాళం ఇక అడ్డం రాదు.

ఈ-వే బిల్లు పోర్టల్‌లో సబ్-యూజర్లను సృష్టించుకునే వీలుంది. 2025 ఏప్రిల్ 1 నుంచి అక్కడ రెండంచెల లాగిన్ అందరికీ తప్పనిసరి అయింది. సబ్-యూజర్‌ను వాళ్ల సొంత మొబైల్ నంబరుతో నమోదు చేస్తే ఓటీపీ వాళ్లకే పోతుంది. పైన చెప్పిన లారీ సమస్యకు పరిష్కారం ఇదే, పైసా ఖర్చు లేదు.

అకౌంట్స్ రాసే టాలీ సాఫ్ట్‌వేర్‌లోనూ యూజర్లను విడిగా పెట్టండి, ఎవరికి ఏం కనిపించాలో అక్కడే నిర్ణయించండి. కంపెనీల చట్టం కింద నమోదైన కంపెనీలు 2023 ఏప్రిల్ 1 నుంచి ఆడిట్ ట్రయిల్ (ఏ ఎంట్రీని ఎవరు, ఎప్పుడు మార్చారో నమోదయ్యే చిట్టా) ఉండే అకౌంటింగ్ సాఫ్ట్‌వేరే వాడాలి. అందరూ ఒకే పేరుతో లోపలికి వెళ్తే, ఆ ట్రయిల్‌లో అన్ని తప్పులూ ఒక్కరి పేరు మీదే పడతాయి. ఒక హెచ్చరిక: టాలీ వాల్ట్ (కంపెనీ డేటాకు వేసే తాళం) పెట్టుకుంటే ఆ పాస్‌వర్డ్‌ను కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. అది మరిచిపోతే డేటాను తెరిచేవాళ్లు లేరు.

ఇక డీఎస్‌సీ. టీచర్ పోస్టుల పరీక్ష కాదు, డిజిటల్ సంతకం ఉండే యూఎస్‌బీ టోకెన్. దాన్ని పిన్‌తో సహా గుమస్తా చేతిలో పెట్టి ఇంటికి పంపే ఓనర్లు ఉన్నారు. ఖాళీ చెక్కుల మీద సంతకాలు పెట్టి ఇవ్వడం లాంటిదే అది. ఐటీ చట్టం 42వ సెక్షన్ ప్రకారం ఆ సంతకాన్ని జాగ్రత్తగా ఉంచుకునే బాధ్యత మీది. టోకెన్ ఆఫీసు దాటొద్దు. రిటర్న్‌ను ఇంటి దగ్గరే తయారు చేయనివ్వండి, సంతకం మాత్రం ఎవరి పేరు మీద టోకెన్ ఉందో వాళ్లే చేయాలి. ప్రొప్రైటర్‌షిప్ అయితే జీఎస్‌టీకి ఈవీసీ, అంటే సంతకం బదులు ఓటీపీతో ధ్రువీకరణ చేసుకోవచ్చు, టోకెన్ గొడవే ఉండదు.

పాస్‌వర్డ్‌లన్నిటికీ బిట్‌వార్డెన్ లాంటి పాస్‌వర్డ్ మేనేజర్ పెట్టుకోండి. వాట్సాప్ గ్రూపులో పిన్ చేసిన పాస్‌వర్డ్ మెసేజ్ ఉంటే, దాన్ని తీసేయడంతో ఆగకుండా ఆ పాస్‌వర్డ్‌లే మార్చండి.

3. రెండో తాళం వేయండి

రెండో తాళం అంటే రెండంచెల లాగిన్: పాస్‌వర్డ్ కొట్టాక ఇంకో కోడ్ కూడా అడగడం. కంపెనీ మెయిల్‌తో మొదలుపెట్టండి. మిగతా అన్నింటి పాస్‌వర్డ్‌లూ మార్చుకునే దారి మెయిలే కాబట్టి, అది పోతే అన్నీ పోయినట్టే. ఎస్ఎంఎస్ ఓటీపీ కంటే ఆథెంటికేటర్ యాప్ మేలు. రేకుల షెడ్డు కింద సిగ్నల్ రాని మిల్లుల్లో మరీ మేలు, ఎందుకంటే యాప్‌లో కోడ్ రావడానికి నెట్ కూడా అక్కర్లేదు. పాస్‌కీ (పాస్‌వర్డ్ బదులు ఫోన్ లాక్‌తోనో, వేలిముద్రతోనో లాగిన్ అవడం) పెట్టుకునే వీలున్నచోట అది ఇంకా గట్టిది.

ఇక్కడ అందరూ చేసే తప్పు బ్యాకప్ కోడ్‌లు తీసుకోకపోవడం. ఫోన్ బావిలో పడితే మెయిల్ తెరిచే దారే ఉండదు. కోడ్‌లను ప్రింట్ తీసి బీరువాలో పెట్టండి. అడ్మిన్ ఖాతాలు రెండు ఉండాలి, ఇద్దరి చేతుల్లో. స్టాఫ్ అందరి వాట్సాప్‌లకూ టూ-స్టెప్ పిన్ పెట్టించండి, ఒక్క నిమిషం పని.

4. లాప్‌టాప్‌లు

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్‌లు చవగ్గా దొరుకుతాయి, తప్పేం లేదు. విండోస్ 11 పడుతుందా లేదా చూసుకుని కొనండి. ఇంటెల్ అయితే మామూలుగా 8వ తరమో ఆపైదో ఉండాలి, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది.

విండోస్ ప్రో తీసుకోండి. బస్సులో లాప్‌టాప్ పోతే డేటా బయటపడకుండా కాపాడే పూర్తి బిట్‌లాకర్ అందులోనే ఉంటుంది. బిట్‌లాకర్ ఆన్ చేశాక, లాక్ పడితే తెరవడానికి కావాల్సిన రికవరీ కీ ఎక్కడుందో చూసుకోండి. అది అదే లాప్‌టాప్‌లో ఫైలుగా ఉంటే తాళంచెవిని ఇంట్లోనే పెట్టి గొళ్లెం పడ్డట్టు.

స్టాఫ్ ఖాతా స్టాండర్డ్ యూజర్‌గానే ఉండాలి, అడ్మిన్‌గా వద్దు. యాంటీవైరస్ విడిగా కొనక్కర్లేదు, విండోస్‌తో వచ్చే డిఫెండర్‌ను ఆపకుండా ఉంటే చాలు. క్రాక్ చేసిన ఆఫీస్, ఫోటోషాప్ ఉంటే తీసేయండి. వాటిని ఎక్కించేటప్పుడు "ముందు డిఫెండర్ ఆపండి" అని అడుగుతుంది చూశారా, ఆ తర్వాత దాన్ని మళ్లీ ఆన్ చేసినవాళ్లు నాకు కనిపించలేదు.

కంపెనీ లాప్‌టాప్ కొనే స్తోమత లేకపోతే? సొంతదాన్నే వాడనివ్వండి, కానీ అందులో ఆఫీసు పనికి వేరే విండోస్ ఖాతా, వేరే పాస్‌వర్డ్ ఉండాలి. సాయంత్రం అదే లాప్‌టాప్ మీద పిల్లలు గేములు ఎక్కించుకుంటారన్నది గుర్తుంచుకోండి.

5. ఆఫీసు టాలీని ఇంటి నుంచి తెరవడం

అందరూ నేరుగా ఇక్కడికే వస్తారు. ముందు నా తప్పు చెబుతాను.

2020 లాక్‌డౌన్‌లో ఒక మిల్లుకు రిమోట్ డెస్క్‌టాప్ (ఆఫీసు కంప్యూటర్ తెరను ఇంటి నుంచి నడిపే విండోస్ సౌకర్యం) కావాలంటే, నేనే రౌటర్‌లో 3389 పోర్టు, అంటే బయటి నెట్ నుంచి దానికి నేరుగా వచ్చే దారి తెరిచి ఇచ్చాను. కొన్ని వారాలే కదా అనుకున్నాను. లాక్‌డౌన్ పోయింది, పోర్టు అలాగే ఉంది, నేనూ మరిచిపోయాను. మరుసటి ఏడాది ఆగస్టులో ఒక సోమవారం పొద్దున ఫోన్. వెళ్లి చూస్తే, తవుడు దుమ్ము పట్టిన మానిటర్ మీద టాలీ డేటా ఫోల్డర్ తెరిచి ఉంది. ప్రతి ఫైలు పేరు చివరా అర్థంకాని ఏడెనిమిది అక్షరాల తోక. డెస్క్‌టాప్ మీద, ఫైళ్లకు తాళం వేశాం, తీయాలంటే డబ్బు కట్టండి అంటూ ఒక నోట్‌ప్యాడ్ ఫైలు. బ్యాకప్ డిస్కు ఉంది కదా అని ధైర్యంగా చూశాం. అది ఏడాదిగా యూఎస్‌బీకి తగిలించే ఉంది, దాంట్లో ఫైళ్లకూ అదే తోక. ఆడిటర్ దగ్గర మార్చి నెలాఖరు కాపీ ఒకటి ఉండబట్టి బతికాం. ఐదు నెలల ఎంట్రీలను బిల్లు పుస్తకాలు ముందేసుకుని ఇద్దరు కూర్చుని మళ్లీ కొట్టారు. అకౌంటెంట్ నాతో ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా బాగుండేది.

తెరిచి ఉన్న 3389 పోర్టుల కోసం ఇంటర్నెట్ అంతా రాత్రింబగళ్లు తడుముతూ తిరిగే ప్రోగ్రాములు ఉంటాయి. మాది చిన్న ఊరు, మమ్మల్ని ఎవరు చూస్తారు అనుకోవద్దు. కాబట్టి దారులు మూడు:

మొదటిది, క్లౌడ్. టాలీని అద్దె సర్వర్‌లో పెట్టే కంపెనీలు ఉన్నాయి. నలుగురైదుగురు ఒకేసారి ఇళ్ల నుంచి టాలీ వాడాలంటే ఇదే సుఖం. బ్యాకప్ ఎవరు తీస్తారు, మానేస్తే మన డేటా ఎలా ఇస్తారు, ఈ రెండూ కాగితం మీద రాయించుకోండి.

రెండోది, వీపీఎన్ మీద రిమోట్ డెస్క్‌టాప్. వీపీఎన్ అంటే ఇంటికీ ఆఫీసుకూ మధ్య మనవాళ్లు మాత్రమే వెళ్లగలిగే తాళమున్న దారి. ఒకరిద్దరే అయితే నేను పెట్టేది ఇదే. మన దగ్గర ఫైబర్ కనెక్షన్లు చాలావాటికి సొంత పబ్లిక్ ఐపీ (ఇంటర్నెట్‌లో విడి చిరునామా) రాదు, ఒకే ఐపీని ఎంతోమందికి పంచుతారు. అందుకే మామూలు వీపీఎన్ పెట్టబోతే బయటి నుంచి ఆఫీసు దొరకదు. టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ అలాంటి లైన్ల మీద కూడా పనిచేస్తుంది. ఆఫీసు కంప్యూటర్‌లో, ఇంటి లాప్‌టాప్‌లో ఎక్కించి, ఎవరికి ఏ కంప్యూటర్ కనిపించాలో పరిమితం చేయండి. రిమోట్ డెస్క్‌టాప్ ఇచ్చే కంప్యూటర్‌లో విండోస్ ప్రో ఉండాలి, హోమ్‌తో కుదరదు. ప్రోలో ఒకసారి ఒక్కరే పనిచేయగలరు. ఇద్దరు ముగ్గురు ఒకేసారి పనిచేసేలా చేసే ప్యాచ్ ఉందని ఎవరైనా చెబితే వద్దనండి. లైసెన్సుకు విరుద్ధం, పైగా విండోస్ అప్‌డేట్ వచ్చిన రోజు ఆగిపోతుంది, అది సరిగ్గా జీఎస్‌టీ రిటర్న్ గడువైన 20వ తేదీనే వస్తుందన్నది నా అనుభవం.

ఇందులో ఒక తప్పు తరచూ జరుగుతుంది. వీపీఎన్ ఉంది కదా అని ఇంటి లాప్‌టాప్‌లో టాలీ ఎక్కించి, ఆఫీసులోని డేటా ఫోల్డర్‌ను నెట్ మీద నేరుగా తెరుస్తారు. నత్తనడక నడుస్తుంది, మధ్యలో నెట్ తెగితే డేటా పాడవుతుంది. టాలీ ఆఫీసు కంప్యూటర్‌లోనే నడవాలి, ఇంటికి తెర మాత్రమే రావాలి.

మూడోది, ఎనీడెస్క్. కంపెనీ పనికి లైసెన్స్ కొనాలి. మనిషి లేకుండా తెరుచుకునే పాస్‌వర్డ్ పెడితే, దానికి రెండంచెల లాగిన్ కూడా ఆన్ చేయండి, ఏ ఐడీల నుంచి రావచ్చో జాబితా పెట్టండి. బ్యాంకు నుంచి అంటూ ఫోన్ చేసి ఎనీడెస్క్ కోడ్ అడిగే మోసగాళ్లకు మన స్టాఫ్ అలవాటుపడ్డ యాప్ సులువైన దారి, అందుకే నేను దీన్ని చివర పెట్టాను.

చెక్ చేయడం ఇలా: ఇంట్లో, ఫోన్ హాట్‌స్పాట్ మీద, వీపీఎన్ ఆపేసి ఆఫీసు కంప్యూటర్‌కు కనెక్ట్ అవ్వాలని చూడండి. కనెక్ట్ అయితే తప్పు జరిగినట్టు. కాకపోతేనే సరిగ్గా ఉన్నట్టు. రౌటర్ సెట్టింగుల్లో పోర్ట్ ఫార్వార్డింగ్ పేజీ కూడా తెరిచి చూడండి, ఎవరో నాలాంటివాడు ఎప్పుడో తెరిచిపోయినవి ఉండొచ్చు.

6. కరెంటు, నెట్

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలిదుమారం లేస్తే కరెంటు పోతుంది. మీ అకౌంటెంట్ దేవరకొండలో ఇంట్లో కూర్చుని ఉంటుంది, నల్గొండలో ఆఫీసు కంప్యూటర్ ఆగిపోతుంది. కరెంటు తిరిగి వస్తుంది, కంప్యూటర్ మాత్రం ఎవరో ఒకరు వచ్చి బటన్ నొక్కేదాకా లేవదు. బయోస్‌లో (విండోస్ రాకముందే తెరుచుకునే సెట్టింగుల తెర) కరెంటు వచ్చాక తనంతట తానే ఆన్ అయ్యే సెట్టింగు ఉంటుంది, అది పెట్టండి. విండోస్‌లో స్లీప్ ఆపేయండి. ఈ రెండూ మరిచిపోయి "వీపీఎన్ పనిచేస్తలేదు" అని వచ్చే ఫోన్లే నాకు ఎక్కువ.

ఇంటి నెట్ చూసేటప్పుడు డౌన్‌లోడ్ స్పీడ్ ఒక్కటే చూడొద్దు, అప్‌లోడ్ కూడా చూడండి. మీటింగ్‌లో మన మాట తెగిపోయేది అప్‌లోడ్ తక్కువైనప్పుడే. ఇంటి రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ మార్పించండి, పాస్‌వర్డ్ లేకుండా బటన్‌తోనో, పిన్‌తోనో వైఫై కలిపే డబ్ల్యూపీఎస్ ఆపించండి.

7. బ్యాకప్

మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి ఆఫీసు బయట. డిస్కులు రెండు ఎందుకన్నానో ఇప్పుడు అర్థమై ఉంటుంది: ఒకటి తగిలించి ఉన్నప్పుడు రెండోది బీరువాలోనో, ఓనరు ఇంట్లోనో ఉండాలి, శనివారం శనివారం మార్చుకోవాలి. మూడో కాపీ క్లౌడ్‌లో.

గూగుల్ డ్రైవ్ సింక్‌ను మాత్రమే బ్యాకప్ అనుకోవద్దు. ఇక్కడ ఫైలు పాడైతే ఆ పాడైన ఫైలే అక్కడికీ చేరుతుంది. నెలకొకసారి బ్యాకప్‌ను వేరే కంప్యూటర్‌లో తెరిచి, నిన్నటి చివరి వోచర్ నంబరు అందులో ఉందో లేదో చూడండి. "బ్యాకప్ పూర్తయింది" అన్న మెసేజ్‌ను నమ్మి మోసపోయినవాళ్లను చూశాను.

8. డబ్బు, ఫోన్ల విషయంలో కట్టుబాట్లు

పక్క టేబుల్ వాళ్లను అడిగి కన్ఫర్మ్ చేసుకునే వీలు ఇంట్లో ఉండదు. అందుకే ఇవి ప్రింట్ తీసి అందరికీ ఇవ్వండి:

- సప్లయర్ బ్యాంకు ఖాతా మారిందని మెయిల్ వస్తే, మన దగ్గర ముందు నుంచీ ఉన్న నంబరుకు ఫోన్ చేసి కనుక్కున్నాకే డబ్బు పంపాలి. మెయిల్‌లో ఉన్న నంబరుకు కాదు.
- ఓనరు ఫోటోతో కొత్త నంబరు నుంచి "అర్జెంట్, డబ్బు పంపు" అని వాట్సాప్ వస్తే, అదీ అంతే.
- చలాన్ అనో, పెళ్లి కార్డు అనో వచ్చే ఏపీకే ఫైలును (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు) నొక్కొద్దు.
- కస్టమర్ల ఆధార్, పాన్ ఫోటోలు సొంత ఫోన్ గ్యాలరీలో ఉంచుకోవద్దు. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో జరిమానా 250 కోట్ల దాకా ఉంది.

డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఓనరు తిడతాడని సాయంత్రం దాకా దాచిపెడితే ఆ డబ్బు ఖాతాలు దాటిపోతుంది. కాబట్టి "చెప్పినందుకు తిట్టను" అని ఓనరు ముందే అందరి ముందూ అనాలి. సిస్టమ్‌లోకి ఎవరైనా చొరబడినా, ఫైళ్లు లాక్ అయినా కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్‌కు 6 గంటల్లో తెలియజేయాలన్నది 2022 నుంచి ఉన్న నిబంధన. ఆ కంప్యూటర్ నెట్ కేబుల్ పీకేయండి, వైఫై ఆపండి, ఫార్మాట్ మాత్రం కొట్టొద్దు.

9. మానేసిన మనిషి

లెక్కలు తేల్చిన రోజే మెయిల్, టాలీ, వీపీఎన్, ఈ-వే బిల్లు సబ్-యూజర్ ఆపేయండి. ఒకటో దాంట్లో గీసిన పట్టిక ఇప్పుడు అక్కరకొస్తుంది. ఒక్కో గడి చూస్తూ కొట్టేసుకుంటూ పోవడమే. ఆ మనిషి ఎంత మంచివాడన్నది ఇక్కడ లెక్కలోకి రాదు.

10. ఒక రోజు అందరూ ఇళ్లలోనే

అన్నీ పెట్టాక, ఓనరుతో సహా ఎవరూ ఆఫీసుకు రాకుండా ఒక రోజు నడిపి చూడండి. తాళాలున్న ఒక్క మనిషి మాత్రం ఆఫీసులో ఉండాలి, అతనికి మూడు పనులు చెప్పండి. పదకొండు గంటలకు ఎవరికీ చెప్పకుండా ఫైబర్ కేబుల్ తీసేయాలి, రెండో లైన్ మీద పని మళ్లీ ఎన్ని నిమిషాలకు మొదలైందో చూడాలి. మధ్యాహ్నం, స్టాఫ్ అందరూ ఫైళ్లు మూసేశాక, ఆఫీసు కంప్యూటర్‌ను షట్‌డౌన్ చేసి, దాని ప్లగ్ తీసి పది నిమిషాల తర్వాత పెట్టాలి. బటన్ ముట్టుకోకూడదు, అది తనే లేవాలి. మూడు గంటలకు "నా లాప్‌టాప్ బస్సులో పోయింది" అని ఒకరితో ఓనరుకు ఫోన్ చేయించాలి. ఏ ఖాతాలు ఆపాలి, రికవరీ కీ ఎక్కడుంది, ఎవరు చేస్తారు అన్నవి పావుగంటలో తేలాలి.

మొదటిసారి ఏదో ఒకటి పట్టు తప్పుతుంది, మా వాళ్లలో ఒక చోట ప్రింటరు గురించి అందరూ మరిచిపోయారు, గేట్ పాస్ ప్రింట్ రాక లారీలు లోపలే ఆగాయి. కనిపించిన లోపాలు సరిచేసి పదిహేను రోజుల తర్వాత మళ్లీ ఒకసారి చేయండి. తేదీ మాత్రం చూసి పెట్టుకోండి. జీఎస్‌టీ రిటర్న్‌లు నెలనెలా వేసేవాళ్లకు 11న జీఎస్‌టీఆర్-1, 20న 3బీ గడువులుంటాయి, వాటి ముందు రోజుల్లో వద్దు. 22 నుంచి 27 మధ్యలో ఒక బుధవారం దొరికితే మంచిది.